వంతు మారేటప్పుడు

జవాబు అంచె మళ్లీ తప్పింది.

ఉమామహేశ్వర తెరమీద ఎర్రగా నిలిచిన వరుసను చదివి, కుర్చీలో వెనక్కి వాలాడు. కిటికీ అవతల ఓర్వకల్లు పారిశ్రామిక స్థలం ఎండలో పరుచుకుని ఉంది. హద్దురాళ్లు పాతి వదిలేసిన ప్లాట్లు, వాటి మధ్య తుమ్మకంప, దూరంగా ఎవరో ఒకదానిమీద ఒకటి పేర్చి మరిచిపోయినట్టున్న బండరాళ్ల గుట్టలు. అంత స్థలంలోనూ పైకప్పు పడిన షెడ్లు నాలుగైదుకు మించవు. వాటిలో ఒకదాని వెనక గది అతనిది. ముందు గదిలో డబ్బాలకు మూతలు బిగిస్తూ మద్దిలేటి కూనిరాగం తీస్తున్నాడు. పొద్దున్నుంచి ఉమామహేశ్వరకు వినిపించిన మనిషి గొంతు అదొక్కటే.

అవి బోరు మోటార్లకు బిగించే డబ్బాలు. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్ చేస్తే పొలంలో మోటారు తిరుగుతుంది. మళ్లీ చేస్తే ఆగుతుంది. రెండుసార్లూ డబ్బా, జరిగింది ఇదీ అని రైతుకు మెసేజ్ పంపుతుంది. డబ్బా లోపలి ప్రోగ్రామును బెంగళూరులో కొందరు రాస్తారు. అది నమ్మదగినదో కాదో తేల్చడం ఉమామహేశ్వర పని. అతడు కంప్యూటర్‌లో ఒక ఉత్తుత్తి పొలాన్ని కల్పించి, అంచెలంచెలుగా పరీక్ష నడుపుతాడు. కరెంటు వస్తుంది. ఫోన్ వస్తుంది. మోటారు తిరుగుతుంది. ఆపమని మళ్లీ ఫోన్ వస్తుంది. మోటారు ఆగుతుంది. డబ్బా జవాబు పంపుతుంది. ఆ తర్వాత కొత్త ఫోన్ వస్తుంది. ప్రతి అంచెకూ ఇంత అని గడువు. గడువు తీరగానే పై అంచె మొదలవుతుంది.

ఈ పరీక్షనంతా అతడు మెమరీ చెకర్ కింద నడుపుతాడు. ప్రోగ్రాము పని చేస్తున్నంతసేపూ మెమరీని కొంచెం కొంచెంగా అడిగి తీసుకుంటుంది. పని అయ్యాక తిరిగి ఇచ్చేస్తుంది. ఇచ్చేసినదాన్ని ఇక ముట్టుకోకూడదు. ముట్టుకోవడమంటే, గడువు తీరి కౌలు వదిలేసిన చేనిలో మళ్లీ నాగలి పెట్టడం. ఒక్కోసారి ఎవరూ చూడరు, ఏమీ కాదు. ఒక్కోసారి అప్పటికే అందులో ఇంకొకడు విత్తి ఉంటాడు. చెకర్ అడుగున కూర్చుని, తీసుకున్న ప్రతి జానెడు నేలనూ వదిలిన ప్రతి జానెడు నేలనూ కనిపెట్టి ఉంటుంది. అంత కనిపెట్టినందువల్ల ప్రోగ్రాము ఎన్నో రెట్లు నెమ్మదిస్తుంది. మామూలుగా టీ తాగేలోపు ముగిసే వరుస, చెకర్ కింద పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి గానీ ముగియదు. అందుకే బెంగళూరులో ఎవరూ ఆ పని పెట్టుకోరు.

ఆ నెమ్మదితనం ఉమామహేశ్వరకు కొత్త కాదు. అతడు పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గాల వీధిలో. మగ్గం మీద ఒక పడుగు అయిపోయి మరొకటి ఎక్కించేటప్పుడు, తండ్రి పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతికేవాడు. ఆ పని సాగినంతసేపూ మగ్గం పలికేది కాదు. ఇంట్లోవాళ్లు గొంతు తగ్గించుకునేవారు. నేత దగ్గర కంటే అతుకు దగ్గరే ఆయన ఎక్కువ జాగ్రత్తపడేవాడు.

ఉమామహేశ్వర తనను తాను కూడా అలాగే కనిపెట్టుకునేవాడు. నోటిదాకా వచ్చిన మాటను ముందు లోపల తానొక్కడే విని, అది నిజమా, ఎంతవరకు నిజం, చెప్పవలసిందేనా అని తడిమి చూసి గానీ వదిలేవాడు కాదు. వదిలేసరికి ఎదుటివారు వేరే మాటలోకి వెళ్లిపోయి ఉండేవారు. యవ్వనంలో దీన్ని వివేకమనుకున్నాడు. నలభై దాటాక, భయమే వివేకం వేషం కట్టి తనలో తిరుగుతోందేమోనని అనుమానం వస్తోంది. ఆ అనుమానాన్ని కూడా అతడు తొందరపడి తేల్చుకోదలచుకోలేదు.

మధ్యాహ్నం పవిత్ర ఫోన్ చేసింది. బెంగళూరు బృందానికి పెద్ద ఆమె. సొంతూరు కమలాపురం. ఆఫీసు భాష మాట్లాడుతూనే, విసుగు వచ్చినప్పుడు ఊరి భాషలోకి జారిపోతుంది.

“ఉమా గారూ, మళ్లీ అదేనా?”

“అదే. కొత్త ఫోన్ వచ్చాక, పాత జవాబు తిరిగి ఇచ్చేసిన మెమరీని చదువుతోంది.”

“మీ చెకర్ కింద మెసేజ్ పొయ్యేసరికి గడువు దాటిపోతుంది. అది పోకముందే పై అంచె దాని నెత్తిన పడుతుంది. అంతే కదా? గడువు పెంచి చూశారా?”

“చూశాను. పెంచితే తప్పు రావడం లేదు.”

“ఇంకేం మరి! పరుగెత్తేవాని కాళ్లకు మీరే గుండు కట్టి, పడినాడు పడినాడు అంటే ఎట్ల?”

అతడు సమాధానం వెతుక్కుంటున్నాడు.

“లైన్లో ఉండారా?”

“ఉన్నాను.”

“శనివారం లారీ వస్తుంది. ఎర్రగడ్డ నాట్లకు ముందే డబ్బాలు రైతులకు చేరాల. రేపు సాయంత్రానికి మీ పేరుతో ఒక్క వాక్యం రాయండి. ఇది చెకర్ నెమ్మదితనం వల్ల పుట్టిన తప్పు, డబ్బాలో లేదు అని. చాలు.”

“ఒకవేళ డబ్బాలో ఉంటే?”

“ఉంటే చూపించండి. చెకర్‌లో కాదు, డబ్బాలో. చూపిస్తే లారీని నేనే ఆపుతా.” ఆమె గొంతు మెత్తబడింది. “మీ మీద నమ్మకం లేక కాదు ఉమా గారూ. మీరొక్కరే అంటున్నారు. ఒక్కరి అనుమానానికి లారీని నిలబెట్టలేను.”

ఆమె మాటలో అన్యాయం లేదు. అదే అతన్ని బాధించింది. తప్పు నిజమే అయితే, అది పడిన తర్వాత ఆపమన్న మాట డబ్బాకు చేరదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది. ఈ సీమ బోర్లలో నీళ్లు అంతసేపు నిలవవు. నీళ్లు పోయాక ఉత్తిగా తిరిగిన మోటారు కాలిపోతుంది. నాటిన మడిలో ఎర్రగడ్డ, ఆ ఉల్లినారు, మరో మోటారు వచ్చేదాకా బతికి ఉండదు. నిజం కాకపోతే మాత్రం, ఒక నీడను చూసి అందరినీ నిలబెట్టిన మనిషిగా మిగిలిపోతాడు. ఆ ఒక్క వాక్యం రాయాలా వద్దా అన్నది తేల్చడానికి రేపటి పగలు ఒక్కటే ఉంది.

సాయంత్రం రాయచోటి నుంచి శివజ్యోతి ఫోన్ చేసింది. అతని భార్య. అక్కడి హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. బదిలీ అయినప్పటినుంచి వాళ్ల కాపురం చాలావరకు సాయంత్రపు ఫోనులోనే జరుగుతోంది.

“చెప్పు,” అంది.

“ఒక తప్పు కనబడుతోంది. అంటే, తప్పు అనవచ్చో లేదో...”

“ఊఁ.”

“చూస్తేనే ఉంది. చూడకపోతే లేదు. అలాంటిదాన్ని ఉన్నదనాలా, లేదనాలా అని...”

“నువ్వు ఆ మాట పూర్తి చేసేలోపు నా కుక్కరు ఇంకో కూత కూస్తాది.” ఆమె నవ్వింది. నవ్వులో కోపం లేదు, అలసట ఉంది. “పదో తరగతి పేపర్లు దిద్దాల. రేపు మాట్లాడుకుందాంలే.”

ఫోన్ పెట్టేసిన తర్వాత అతని వాక్యం పూర్తయింది. వినడానికి గదిలో ఎవరూ లేరు.

మరునాడు పొద్దున మద్దిలేటి ఉగ్గాని పొట్లం విప్పుతూ అన్నాడు. “అన్నా, ఈపొద్దు నేను పెద్ద ఈరన్న పొలానికి పోవల్ల. ఆయప్పకు పెట్టిన డబ్బా మూడోతూరి మార్చల్ల.”

ట్రయల్ కోసం కొన్ని పొలాల్లో ముందే బిగించిన డబ్బాలలో అదొకటి. ఉమామహేశ్వర తల ఎత్తాడు. “ఎందుకు మార్చాలి?”

“ఆపమంటే ఆగదంట. రోజూ గాదు, ఒక్కోతూరి. నేను పోయి సూస్తే బుద్ధిగా ఉంటాది. కరెంటు మోసమప్పా అని చెప్పి వస్తాండా.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు ఎప్పుడడిగినావన్నా?” మద్దిలేటి బొరుగులు నములుతూ సూటిగా చూశాడు. “నీతో ఒక మాట మొదలుపెడితే పొద్దు గూకుతాది. నాకు ఇంట్లో పనుండాది.”

ఉమామహేశ్వర నవ్వడానికి ప్రయత్నించాడు. తరువాత పరీక్షను ఆపి, గదికి తాళం వేసి, మద్దిలేటి బండి వెనక ఎక్కాడు.

పొలం గుట్టల వెనక ఉంది. బండలు ఎంత ఎత్తున లేచాయో ఫోన్ సిగ్నల్ అంత కిందికి దిగింది. తెరమీద ఒక్క గీత కనిపించి మాయమవుతోంది. మంచిదే అనుకున్నాడు. ఇక్కడ మెసేజ్ పోవడానికి చాలాసేపు పడుతుంది. చెకర్ కింద జరిగినట్టే ఇక్కడా జరగాలి.

వేపచెట్టు నీడలో తువ్వాలు పరుచుకుని కూర్చున్న పెద్దాయన మద్దిలేటిని చూసి చెయ్యెత్తాడు.

“ఏమప్పా, కంపెనీ సారును గూడ పిల్చుకొచ్చినావా? డబ్బాకు దయ్యం పట్టిందంటే మంత్రగాన్ని పిల్చుకరావల్ల గానీ.”

“ఈయనే మంత్రగాడు పెద్దయ్యా. కాకుంటే మంత్రం శానా నిదానంగా సదువుతాడు.”

పెద్ద ఈరన్న పడీపడీ నవ్వాడు. ఉమామహేశ్వర కూడా ఈసారి నవ్వగలిగాడు. ఏం జరుగుతోందని అడిగాడు.

“ఏముండాది సారూ. మొన్న నేను ఆపినా. నా అంతట నేనే ఆపినా. వాడేమో నేను ఆపలేదంటాడు. నా వంతు అయిపోయినా నీళ్లు దొంగతనంగా పెట్టుకుంటాండానని ఊరంతా జెప్తాడు.”

“ఎవరు?”

పెద్ద ఈరన్న పేరు చెప్పలేదు. గట్టు వైపు గడ్డంతో చూపించాడు. గట్టు అవతల మరొక చెట్టు కింద మరొక మనిషి ఇటు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు.

మద్దిలేటి గొంతు తగ్గించి చెప్పాడు. “తమ్ముడన్నా. చిన్న ఈరన్న. చేను పంచుకున్యారు గానీ బోరు ఒకటే, డబ్బా ఒకటే. ఇద్దరి ఫోన్లూ దానికే. పొద్దున ఈయన వంతు, మధ్యాన్నం ఆయన వంతు. రెండేండ్లాయ మాట్లాడుకోక.”

“ఏం జరిగింది?”

“గట్టు మీద ఒక చెట్టు. కొట్టినాడని ఈయన, కొట్టలేదని ఆయన. చెట్టు పోయింది, కోపం ఉండాది.”

ఉమామహేశ్వర డబ్బా పక్కన రాయి మీద కూర్చుని, పెద్ద ఈరన్న చేత మోటారు వేయించాడు, ఆపించాడు. మళ్లీ వేయించాడు, ఆపించాడు. ఆపిన ప్రతిసారీ మెసేజ్ కోసం ఎదురుచూశాడు. అది చాలా ఆలస్యంగా వచ్చేది. ఎంత ఆలస్యమైనా తప్పు మాత్రం జరగలేదు. ఎండ నెత్తిమీదికి ఎక్కుతోంది. డబ్బాలోని పచ్చదీపం బుద్ధిగా మిణుకుమంటోంది.

“నువ్వొచ్చినావని బుద్ధిమంతురాలైపాయ,” అన్నాడు పెద్ద ఈరన్న. “కూతుర్నిచ్చిన ఇంటోళ్లు వచ్చినప్పుడు నా పెండ్లాం ఉన్నట్ల.”

మద్దిలేటి పనిముట్లు సంచిలో సర్దుకుంటున్నాడు. ఉమామహేశ్వరకు ఏదో ఖాళీ అయినట్టనిపించింది. పవిత్ర అడిగిన వాక్యం అతని మనసులో తనంతట తానే పేర్చుకోసాగింది. *ఇది చెకర్ నెమ్మదితనం వల్ల...* వాక్యంలో ఏ మాటా అబద్ధంగా లేదు. అయితే తనను ఇన్నాళ్లూ ఆపినది ఏమిటి? తప్పు ఉన్నదన్న జ్ఞానమా, లేక తన ఏకాంతానికి ఒక కారణం కావాలన్న కోరికా? తప్పు లేకపోతే ఆ గదిలో తాను కూర్చున్న పగళ్లన్నీ ఉత్త పగళ్లే. మనిషి తనకు కావలసినదాన్నే కనిపెట్టి చూస్తాడేమో. ఆ మనిషిని కనిపెట్టడానికి చెకర్‌లా అడుగున ఎవరు కూర్చుంటారు?

పెద్ద ఈరన్న ఎండవైపు చూసి లేచాడు. “నా వంతు అయిపాయ,” అంటూ ఫోన్ తీసి నొక్కాడు. మోటారు మూలిగి ఆగింది. పైపు నోట ధార సన్నబడింది.

ధార తెగీ తెగకముందే మోటారు మళ్లీ కదిలింది.

ఉమామహేశ్వర గట్టు వైపు తిరిగాడు. చిన్న ఈరన్న నిలబడి ఉన్నాడు. ఫోన్ చెవి దగ్గర ఉంది. చూపు పైపు మీద ఉంది. అన్న ఆపిన మరుక్షణమే అతడు ఫోన్ కొట్టాడు. డబ్బా పెద్ద ఈరన్నకు పంపవలసిన మెసేజ్ ఇంకా గుట్టల మధ్య దారి వెతుక్కుంటూనే ఉంది.

పచ్చదీపం మిణుకుమనడం మానేసింది. కదలకుండా వెలుగుతోంది.

ఉమామహేశ్వర గట్టు దాటి పరుగులాంటి నడకతో వెళ్లాడు. చిన్న ఈరన్న అతన్ని కిందినుంచి పైకి చూశాడు. అన్న ముఖమే, పదేళ్లు చిన్నది.

“ఒక్కసారి ఆపుతారా?”

“ఇప్పుడే కదప్పా ఏసినా. యాలకు ఆపల్ల? ఆయన పంపిచ్చినాడా నిన్ను?”

“లేదు. నేను కంపెనీ మనిషిని. ఒక్కసారి ఆపండి, చాలు.”

చిన్న ఈరన్న అయిష్టంగా ఫోన్ నొక్కాడు. మోటారు తిరుగుతూనే ఉంది. మళ్లీ నొక్కాడు. తిరుగుతూనే ఉంది. అవతల పెద్ద ఈరన్న కూడా నొక్కాడు. ఇద్దరు అన్నదమ్ములూ ఒకే మోటారును ఆగమంటున్నారు. అది ఎవరి మాటా వినడం లేదు. చివరికి మద్దిలేటి పరుగెత్తి ఫ్యూజు పీకాడు.

“సూసినావా సారూ!” పెద్ద ఈరన్న గట్టు అవతలినుంచి అరిచాడు. “వాడు ఏందో జేసినాడు!”

“నేనేం జేసినానో డబ్బానే అడగమను సారూ!” చిన్న ఈరన్న ఉమామహేశ్వర ముఖంలో ముఖం పెట్టి అరిచాడు. అన్నవైపు తిరగలేదు.

ఉమామహేశ్వర ఆ అరుపుల మధ్యే లెక్క సరిచూసుకున్నాడు. చెకర్ అబద్ధం చెప్పలేదు. సిగ్నల్ మందగించడం ఒక్కటే సరిపోదు. పాత జవాబు ముగియకముందే కొత్త ఫోన్ రావాలి. ఉదయమంతా తాను ప్రతి మెసేజ్ కోసం ఓపికగా ఎదురుచూశాడు కనుకనే తప్పు రాలేదు. కంప్యూటర్‌లో గడువు ఒక అంకె. ఇక్కడ గడువంటే చిన్న ఈరన్న ఓపిక.

“మీరు కొంచెం ఆగి ఎందుకు చేయరు?” అని అడిగాడు.

“ఆగితే ఆయన మళ్లీ ఏసుకోడా? ఒక్క నిమిషం యామారితే సాలు.”

“ఈ డబ్బా రాకముందు ఎలా చేసేవారు?”

చిన్న ఈరన్న తల తిప్పాడు. గట్టు మీది మొద్దువైపు చూశాడు. “స్టార్టరు కాడికి పోతాంటిమి. ఆయన ఆపుతాండె. నేను ఆడనే నిలబడి ఉంటాంటి. ఆయన చెయ్యి తీస్తే నేను చెయ్యి పెడ్తాంటి.”

“మాట్లాడుకునేవారా?”

“మాటలేముండాయప్పా. చెయ్యి తీసినాడా లేదా సూస్తాంటి. అంతే.”

ఉమామహేశ్వర కళ్లముందు ఆ రెండు చేతులూ కనబడ్డాయి. ఒకటి తీస్తుంది, ఒకటి పెడుతుంది. ప్రోగ్రాము రాసినవారు మోటారును, తీగను, ఫోనును లెక్కలోకి తీసుకున్నారు. ఆ పక్కన నిలబడి ఎదురుచూసే మనిషి యంత్రంలో భాగమని ఎవరికీ తోచలేదు. అతని పరీక్షలోనూ ఆ మనిషి లేడు. మనిషిని తీసేస్తే ఎదురుచూపు కూడా అతనితోపాటే పోయింది.

పవిత్రకు చూపించాలంటే మళ్లీ జరగాలి, వీడియోలో పడాలి. ఫ్యూజు పెట్టించి, పెద్ద ఈరన్న దగ్గరికి వెళ్లాడు.

“ఇంకొకసారి చేయాలి. మీరు వేసి ఆపాలి. ఆపగానే ఆయన ఫోన్ చేయాలి.”

“అయితే వాన్ని అడుగు, నేను ఆపేది కనపడతాందా ఆడికి అని. కనపడకుంటే గట్టు మీదికి రమ్మను.”

ఉమామహేశ్వర గట్టు దాటాడు. “మీ అన్న గట్టు మీదికి రమ్మంటున్నాడు.”

“ఎవరి గట్టు మీదికి? అడుగు.”

గట్టు దాటాడు. “ఎవరి గట్టు అంటున్నాడు.”

“ఆ చెట్టు కొట్టినోని గట్టే అని జెప్పు!”

“అన్నా, ఇట్లయితే లారీ పోయి తిరిగొస్తాది,” అన్నాడు మద్దిలేటి. తానే గట్టు మీద నిలబడి, తలగుడ్డ విప్పి ఒక చేత పట్టుకున్నాడు. “ఎవురూ ఎవురితో మాట్లాడాల్సిన పని లేదు. గుడ్డ ఎత్తితే పెద్దయ్య ఆపల్ల. దించితే చిన్నయ్య కొట్టల్ల. అయిపాయ!”

మొదటిసారి ఏమీ కాలేదు. మెసేజ్ తొందరగా వెళ్లిపోయింది. రెండోసారి దీపం మళ్లీ కదలకుండా నిలిచింది. మోటారు ఎవరి మాటా వినలేదు. అంతా వీడియోలో పడింది.

దాన్ని పంపడానికి అతడు గుట్ట సగం ఎక్కవలసి వచ్చింది. పంపి, బండ నీడలో కూర్చున్నాడు. కాసేపటికి పవిత్ర ఫోన్ వచ్చింది. మొదట ఆమె ఏమీ మాట్లాడలేదు.

“లైన్లో ఉన్నారా?” ఈసారి అతడు అడిగాడు.

“ఉన్నా. రెండుసార్లు చూసినా.” నిట్టూర్చింది. “మా నాయన, మా చిన్నాయన గూడ ఒకే బోరు ఉమా గారూ. కమలాపురంలో. నాకు తట్టాల్సింది. శానా తప్పు చేస్తాంటిమి. లారీ ఆపుతాండా. గడువు పెంచొద్దు. పరీక్ష అట్లనే ఉండనీండి.”

“ఉంచుతాను.”

“కొత్త ఫోన్ వస్తే పక్కన కూర్చోబెడతాం. పాత జవాబు ముగిసినాకే లోపలికి రానిస్తాం. సాయంత్రానికి పంపుతా.”

కిందికి దిగేసరికి పెద్ద ఈరన్న అన్నం మూట విప్పుకున్నాడు. తప్పు డబ్బాదేనని, ఇద్దరిలో ఎవరూ నీళ్లు దొంగిలించలేదని ఉమామహేశ్వర చెప్పాడు.

“డబ్బా తప్పయితే అయింది,” అన్నాడు పెద్ద ఈరన్న. “వాని బుద్ధి మాత్రం వానిదే గదా.”

అవతలికి వెళ్లి అదే చెప్పాడు. చిన్న ఈరన్న సాంతం విన్నాడు. తరువాత పైపు వైపు చూస్తూ అడిగాడు. “అట్లయితే ఇంగమీద ఆయన ఆపినాడా లేదా, నాకెట్ల తెలుస్తాది?”

“మీకు తెలియాల్సిన పని లేదు. ఎప్పుడు ఫోన్ చేసినా సరే. ఆయన పని ముగిసేదాకా డబ్బా మీ ఫోన్‌ను పక్కన ఉంచుతుంది. ముగిశాక తానే వేస్తుంది.”

“అంటే ఆయన పక్క సూడాల్సిన పని గూడ లేదు.”

“లేదు.”

చిన్న ఈరన్న తల ఊపాడు. సంతోషమో కాదో తెలియని ఊపు. ఉమామహేశ్వర తన మాటను ఎప్పటిలా ముందు లోపల వినలేదు. నోరు దాటిన తర్వాత విన్నాడు. ఇంతకాలం, అనుమానంతోనైనా, ఈ మనిషి ప్రతి మధ్యాహ్నం లేచి నిలబడి అన్న వైపు చూసేవాడు. రేపటినుంచి ఆ చూపు కూడా అక్కర్లేదు. తాను చేసింది మంచి పనే. మోటారు కాలదు, మడి ఎండదు. ఆ మంచి పని ఒక చివరి పోగును తెంపుతోందన్నదీ నిజమే. ఈ రెండు నిజాలలో ఏది ఎక్కువ బరువో తూచే పరికరం అతని దగ్గర లేదు.

“మీరే ఒకసారి అడిగితే...” అని మొదలుపెట్టాడు.

చిన్న ఈరన్న అప్పటికే పార చేతపట్టి మడిలోకి దిగిపోయాడు.

షెడ్డుకు తిరిగి వచ్చేసరికి పొద్దు గుట్టల మీద ఉంది. మద్దిలేటి బండి దిగకుండానే, ఇంట్లో పని గుర్తుచేసి వెళ్లిపోయాడు. పవిత్ర పంపిన కొత్త ప్రోగ్రాము వచ్చి ఉంది. ఉమామహేశ్వర గడువును ముట్టుకోలేదు. వరుసనంతా మొదటినుంచి చెకర్ కింద పెట్టాడు. కరెంటు వచ్చే అంచె మొదలైంది. ఎప్పటిలాగే చాలా నెమ్మదిగా. రేపు పొద్దునకు గానీ తెలియదు. ఆ ఒక్క వాక్యం రాయవలసిన సాయంత్రం అతడు ఏ వాక్యమూ రాయలేదు. దానివల్ల మనసు తేలికపడాలి. కొంత పడింది కూడా.

శివజ్యోతికి చెప్పాలనిపించింది. ఆ రెండు చేతుల సంగతి. రోజూ ఆమే చేస్తుంది, పని తెమిలాక. ఈరోజు అతడు ఆగలేకపోయాడు. మాటను తడిమి చూడకుండానే ఆమె పేరు నొక్కాడు.

బిజీ.

వెంటనే మళ్లీ నొక్కాడు. బిజీ. ఒక్క క్షణం తరువాత తెరమీద ఆమె మిస్డ్ కాల్ కనబడింది. ఇద్దరూ ఒకేసారి చేసినట్టున్నారు. అతడికి నవ్వొచ్చింది. సరే, ఆమెనే చేయనిద్దాం అని ఫోన్ బల్లమీద పెట్టి చూస్తూ కూర్చున్నాడు.

ఫోన్ మోగలేదు.

తెరమీద మొదటి అంచె ముగిసి రెండోది మొదలైంది. గుట్టల మీది ఎరుపు బూడిదరంగైంది. రాయచోటిలో ఆమె కూడా ఫోన్‌ను ఎదురుగా పెట్టుకుని, ఆయనే చేస్తాడులే అని కూర్చుని ఉండవచ్చు. లేదా పేపర్లు దిద్దుకుంటూ ఉండవచ్చు. ఇక్కడినుంచి తెలుసుకునే దారి లేదు. మధ్యలో నిలబడి తలగుడ్డ ఎత్తే మనిషీ లేడు.

అతడు ఫోన్ చేతిలోకి తీసుకుని, మళ్లీ బిజీ రావచ్చని తెలిసే, ఆమె పేరు నొక్కాడు.